క్వార్టర్ల గోడల మీద సుద్ద గుర్తులు

ఇంజనీరింగ్ కాలేజీల్లో కొత్తగా పాఠాలు చెప్పడానికి చేరిన మీలాంటివాళ్ళకు మొదటి ఏడాదే 'సుస్థిరత' పేపరు, అదే సస్టెయినబిలిటీ, అంటగడుతున్నారని విన్నాను. సీనియర్లు ఎవరూ ముట్టుకోని పేపరు కొత్తవాళ్ళ ఒళ్ళో పడటం అన్నిచోట్లా ఉన్నదే. మా కాలేజీలో మాత్రం అది రిటైర్మెంటుకు దగ్గరపడ్డ నా ఒళ్ళో పడింది. ఎలా పడిందో, పడ్డాక ఏమైందో చెబుతాను. ఇది పరీక్షలో రాదు కనుక నిశ్చింతగా చదవండి.

మాది బొగ్గు బెల్టులో, కార్మికుల క్వార్టర్ల వరసలకు ఆనుకుని ఉన్న యూనివర్సిటీ కాలేజీ. నేను ఎలక్ట్రికల్ విభాగంలో పాఠాలు చెప్పేదాన్ని. రోజూ మంథని నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులోనే పోయేదాన్ని. మా ఇంట్లో పెద్దవాళ్ళంతా గుడి సేవలోనో బడి కొలువులోనో బతికినవాళ్ళు. బొగ్గుతో మాకున్న బంధుత్వం బస్సు కిటికీలోంచి కనబడే, నేలను పైనుంచే తవ్విపోసే ఓపెన్‌కాస్టు గనుల మట్టి గుట్టల వరకే.

ప్రతి విభాగమూ తన పాఠాల్లో సుస్థిరతను కలపాలనీ, అదీ స్థానిక ఉదాహరణలతో చెప్పాలనీ యూనివర్సిటీ నుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రిన్సిపాల్ మీటింగు పెట్టాడు. మైనింగ్ సారు చేతులు కట్టుకుని, "మేం బొగ్గు తవ్వుడు నేర్పుతం. తవ్వకుంట ఉండుడు గూడ మేమే నేర్పాల్నా?" అన్నాడు. సివిల్ సారు ప్రతి యూనిట్ చివర ఆ మాట ఒకసారి రాసేస్తే ఉత్తర్వు పాటించినట్టే కదా అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపి ఉంటే అయిపోయేది. కానీ నా నోరు ఊరుకోదు.

"చివర్ల వెలిగించిపోతే అది పాఠం కాదు సార్, ఊదుబత్తి" అన్నాను.

"అయితే మీరే మంచిగ చెయ్యిన్రి మేడం" అన్నాడు ప్రిన్సిపాల్, చాయ్ కప్పు కింద పెట్టకుండానే. అలా పడింది.

ఫైనలియర్ పిల్లలకు మొదటి క్లాసులో నేను నిర్వచనాలు చెప్పలేదు. రేపు మీ ఇంటి కరెంటు బిల్లు పట్టుకుని రండి అన్నాను. మర్నాడు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే సగం మంది బిల్లులు తెచ్చారు. మిగతా సగం ఊరికే కూర్చున్నారు. చెప్పిన పని చెయ్యకపోతే నాకు ఒళ్ళు మండుతుంది. గట్టిగానే అరిచాను. అప్పుడు మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడం, మాకు బిల్లు రాదు. మా క్వార్టర్‌కు మీటరే లేదు."

క్వార్టర్లలో కరెంటు ఉచితమని నాకు తెలియక కాదు. తెలిసిన విషయాన్ని పాఠంతో కలిపి చూసుకోలేదు. అయినా వెనక్కి తగ్గకుండా, "మరి మీ ఇంట్లో ఎంత కాలుతుందో తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదా?" అన్నాను.

"ఎందుకు తెల్వాలె మేడం?" అంది.

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలియక అడిగింది. నా సర్వీసులో విద్యార్థులు అడిగిన ప్రశ్నల్లో సగానికి పైగా పరీక్షలో ఏమొస్తుందనేవే. ఇలాంటిది అరుదు. అయితే మనమే కొలిచి చూద్దాం, అప్పుడు ఎందుకో తెలుస్తుంది అన్నాను.

మా ల్యాబులో టాంగ్ టెస్టర్లు ఉన్నాయి. తీగను కోయకుండా దవడలా పట్టుకుని అందులో ఎంత కరెంటు పారుతున్నదో చూపించే చేతి పరికరాలు. ప్లగ్గుకూ సాకెట్‌కూ నడుమ పెట్టి కొలవడానికి ల్యాబ్ టెక్నీషియన్ విడి వైర్లు తయారుచేసి ఇచ్చాడు. పిల్లలు జట్లుగా విడిపోయి, ఒక్కో జట్టు ఒక్కో క్వార్టర్ల లైన్‌లో ఇంటింటికీ వెళ్ళి ఫ్రిజ్, కూలర్, హీటర్ ఏది ఎంత లాగుతుందో రాసుకోవాలి. ఆ అమ్మాయి ముందుగా తన లైన్, అందులో ముందుగా తన ఇల్లే తీసుకుంది. మొదటి రోజు నేనూ వెంట వెళ్ళాను.

వాళ్ళ ఇంట్లో వంటగది మూల కరెంటు హీటర్ మీద నీళ్ళ గిన్నె ఉంది. కాయిల్ ఎర్రగా కాలుతోంది. వంట అప్పటికే అయిపోయింది. ఇప్పుడెందుకు వెలుగుతోందని వాళ్ళమ్మను అడిగాను.

"మా ఆయనది ఒక షిఫ్టు, పెద్దోనిది ఒక షిఫ్టు మేడం. ఒకలు పోతరు, ఒకలు వస్తరు. బాయిల నుంచి వచ్చినోనికి ఉడుకు నీళ్ళు సిద్ధంగుండాలె. ఇగ బంద్ పెట్టుడు ఎప్పుడు?" అందామె. అక్కడ గనిని బాయి అనే అంటారు.

పిల్ల టాంగ్ టెస్టర్ పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. "అవ్వా, ఇంట్ల మిగిలినయన్నీ కలిసినా గింత తింటలేవే. ఇదొక్కటే తింటున్నది" అంది తల్లితో.

"తింటే తిననియ్యి. నీ కంచంలది తింటున్నదా?" అని వాళ్ళమ్మ మాకు చాయ్ పెట్టింది, ఆ హీటర్ మీదే.

బస్సులో తిరిగివస్తూ నేను చాలా సంతోషంగా ఉన్నాను. ఇన్నేళ్ళూ బోర్డు మీద చెప్పిన పాఠం మొదటిసారి ఒక వంటగదిలో కూర్చున్నట్టనిపించింది.

ఇక నేను చేసిన తెలివైన పని. ఒకే ఇంటికి రెండు జట్లు వెళ్ళకుండా, కొలిచిన ఇంటి తలుపు పక్కన సుద్దతో చిన్న గీత గీయమన్నాను. హీటర్ ఉన్న ఇల్లయితే గీత చుట్టూ గుండ్రంగా చుట్టమన్నాను, తర్వాత ఆ ఇళ్ళకే మళ్ళీ వెళ్ళాలని. పోలియో చుక్కలు వేసేవాళ్ళు మా వాకిళ్ళ పక్కన సుద్ద గుర్తులు పెట్టిపోవడం చూసినదాన్ని. అందులో ఎవరికైనా అభ్యంతరం ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

సోమవారం ఉదయం బస్సు కాలనీ పక్కనుంచి వస్తుంటే గోడల మీద తడి మరకలు కనబడ్డాయి. ఒకామె కొంగు బిగించి, తలుపు పక్కన గోడను తడిబట్టతో రుద్దుతోంది. పండుగ కూడా దగ్గర్లో లేదే అనుకున్నాను. కాలేజీలో అడుగుపెట్టగానే ప్రిన్సిపాల్ పిలిచి, కాలనీలో పుట్టిన పుకారు చెప్పాడు. కాలేజీవాళ్ళు సర్వే చేశారట, గుండ్రం పడ్డ ఇళ్ళకు ముందుగా మీటర్లు బిగిస్తారట, తర్వాత అందరికీ బిగిస్తారట. ఈ మాట అప్పటికే గని గేట్ల దాకా పోయిందట.

నేను ల్యాబులోకి వెళ్ళి టెక్నీషియన్ మీద విరుచుకుపడ్డాను. సుద్ద గుర్తులకే ఇంత గొడవా అన్నాను.

"మేడం, ఈడ సగం మందివి ఓపెన్‌కాస్టుకు పోయిన ఊర్లు. మా ఊరు పోయినప్పుడు ముందుగాల గోడల మీద నంబర్లే పడ్డయి. రాసెటోళ్ళు మంచిగనే మాట్లాడిన్రు, చాయ్ తాగిన్రు, ఏం ఫికర్ లేదన్నరు. ఇగ గోడ మీద గీత కనవడితే ఎవలన్న ఊకుంటరా?"

"నాకు ముందుగా చెప్పొద్దా?"

"మీరు హుషార్ల ఉంటే చెప్పబుద్ధి కాదు. కోపంల ఉంటే ధైర్యం చాలదు. ఇగ నడుమ ఎప్పుడు చెప్పాలె మేడం?" అన్నాడు. కోపంలోనే ఉన్నా నవ్వు వచ్చింది.

ఆ వారం ఆ అమ్మాయి క్లాసుకు రాలేదు. వాళ్ళ నాన్న భూగర్భ గనిలో పైకప్పుకు బోల్టులు బిగించే కార్మికుడు. అంతేకాదు, ఆ గనిలో యూనియన్ కార్యదర్శి. ఎన్నికలు దగ్గరపడ్డాయి. నీ బిడ్డతోనే సర్వే చేయించి మీటర్లు తెస్తున్నావా అని ఎదుటి యూనియన్ వాళ్ళు గేటు మీటింగులో నిలదీశారట. ఆయన ఇంటికి వచ్చి, చదువు బంద్ అన్నాడట. ఇవన్నీ ఆమె స్నేహితురాలు చెప్పింది. హాజరు ఇంకొంచెం తగ్గితే ఆ పిల్లను పరీక్షకు కూర్చోనివ్వరు. ఒక ఏడాది పోతుంది. ఆ ఇంట్లో అలా ఆగిన చదువు మళ్ళీ మొదలవుతుందన్న నమ్మకం నాకు లేదు.

ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు, భయస్తుడు. పిల్లలు ఉత్సాహంకొద్దీ సొంతంగా చేశారని ఒక కాగితం రాసివ్వండి, గొడవ సద్దుమణుగుతుంది అన్నాడు. సుద్దముక్క ఇచ్చింది నేను, పిల్లల పేరు పెట్టి రాయను అన్నాను. ఆ సాయంత్రం టెక్నీషియన్ బండి మీద ఆ క్వార్టర్‌కు వెళ్ళాను.

ఆయన అప్పుడే షిఫ్టు దిగి, స్నానం చేసి మంచం మీద కూర్చున్నాడు. కళ్ళ అంచుల్లో బొగ్గు ఇంకా పోలేదు. కూర్చోమన్నాడు, నీళ్ళిప్పించాడు.

"మీ మీద నాకు గుస్స లేదు మేడం. మీ పని మీరు చేసిన్రు. కానీ నా బిడ్డ నా లైన్ల గోడల మీద గీతలు గీస్తే, నేను బాయి మీద ఏ మొఖం పెట్టుకొని నిలవడాలె? ఈ కరెంటు మాకెవలు దానమియ్యలే. మా పెద్దోళ్ళు కొట్లాడి తెచ్చుకున్నది."

"మీటర్లు పెట్టించడానికి కాదు, అన్నా. ఒట్టు పెట్టి చెబుతున్నా" అన్నాను.

"మీరు పెట్టరు, నాకెర్కే. కానీ ఏ ఇంట్ల ఎంత కాలుతున్నదో ఒకసారి లెక్క తయారైతే, అది మీ చేతులనే ఉంటదా? రేపు ఇంకెవలకన్న దొరికితే?"

ఆయన భయం పిచ్చి భయమని అనుకుంటూ వచ్చినదాన్ని, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.

"ఐతారం కమ్యూనిటీ హాల్ల మీటింగున్నది. మీరొచ్చి, అందరి ముందట, ఇది గలతయింది, ఇగ కొలుసుడు లేదని చెప్పున్రి. సోమవారం పిల్ల కాలేజీకస్తది."

లోపలి గదిలోంచి ఆ అమ్మాయి బయటికి వచ్చింది. "మేడం, అట్ల చెప్పకున్రి. గీతలు గీసుడు తప్పయితే తుడుద్దాం. కొలుసుడు తప్పెట్లయితది?"

"నువ్వు లోపటికి పో" అన్నాడాయన. ఆ పిల్ల పోలేదు. గోడకానుకుని నన్నే చూస్తూ నిలబడింది. ఆదివారం వస్తానని చెప్పి లేచాను.

ఆదివారం పట్టపగలు, హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. వాటి వైపు చూడకుండా ఉండటానికి కష్టపడ్డాను. ప్రిన్సిపాల్ ముందు వరసలో కూర్చున్నాడు. లైన్ల వాళ్ళంతా వచ్చారు, ఆడవాళ్ళే ఎక్కువ. మైకు నా చేతికిచ్చారు. సర్వే ఆపేశామనీ, పరికరాలు ల్యాబుకు పోయాయనీ, రాసినవన్నీ చింపేశామనీ చెప్పాను.

ఒకామె లేచింది. "మా లైన్లకే ఎందుకొచ్చిన్రు? ఆఫీసర్ల బంగళాల దిక్కు ఎందుకు పోలే?"

"మా పిల్లలు ఉండేది ఇక్కడే కదమ్మా. వాళ్ళ ఇళ్ళ నుంచి మొదలుపెట్టాం."

"మరి ఇప్పుడు పోతరా?"

ప్రిన్సిపాల్ వైపు చూశాను. ఆయన పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు. "పోము. ఇంక ఎక్కడికీ పోము" అన్నాను. కొందరు నవ్వారు.

వెనక నుంచి ఎవరో, "అయితే చేసింది గలతేనా?" అని అడిగారు.

"గోడల మీద గుర్తులు పెట్టుడు గలతే. మీ మనసు నొచ్చింది. మాఫ్ చేయున్రి" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను.

"గుర్తుల ముచ్చట కాదు మేడం. కొలుసుడు?"

ఆ అమ్మాయి వాళ్ళమ్మతో కలిసి తలుపు దగ్గర నిలబడి ఉంది. వాళ్ళ నాన్న వేదిక మీద, నాకు పక్కనే ఉన్నాడు. కొలవడం తప్పు కాదని నేనంటే, ఎందుకు కాదో చెప్పాలి. చెబితే వాదన పెరుగుతుంది. పెరిగితే ఆయన వెనక్కి తగ్గలేడు, సోమవారం పిల్ల రాదు. ఇవన్నీ నాకు ఒక్క క్షణంలో కళ్ళముందు కనిపించాయి.

"అది గూడ గలతే" అన్నాను.

చప్పట్లు కొట్టారు. నేను మైకు ఇచ్చేసి చూసేసరికి తలుపు దగ్గర వాళ్ళమ్మ ఒక్కతే ఉంది.

సోమవారం ఆ పిల్ల వచ్చింది. మూడో బెంచీలోనే కూర్చుంది. నేను సుస్థిరత నిర్వచనం డిక్టేట్ చేశాను. అందరూ రాసుకున్నారు, ఆమె కూడా రాసుకుంది. క్లాసు అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మీరు నన్ను కాలేజీకి తెచ్చిన్రు మేడం. నా పనిని మాత్రం ఆ హాల్లనే విడిచిపెట్టొచ్చిన్రు."

"నీకు ఏడాది పోతుండె బిడ్డా."

"పొయ్యేది నాది గద మేడం. నన్నొక్క మాట అడగకపోతిరి."

నాకు ఏడుపు వచ్చింది. ఏడిస్తే బాగుండదని, తర్వాతి క్లాసుకు టైమైందని కసిరాను. మీకు చెప్పడానికి నాకేం మొహమాటం లేదు: అదే హాలు, అదే ప్రశ్న మళ్ళీ వస్తే నేను మళ్ళీ అదే జవాబు చెబుతాను. ఒక పిల్ల చదువు ముందు నా పేపరు ఎంత? కానీ ఆ పిల్ల అన్నది కూడా నిజమే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని సర్దిచెప్పుకోవడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

మిగతా సెమిస్టరు నిర్వచనాలతో గడిచింది. సివిల్ సారు ఒకరోజు ఊదుబత్తుల ప్యాకెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తిట్టాల్సింది, నవ్వేశాను.

ఆఖరు సెమిస్టరులో ప్రాజెక్టు అంశాలు ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి ఒక కాగితం తెచ్చింది. మూడు షిఫ్టుల్లో మనుషులు వచ్చిపోయే ఒక క్వార్టర్‌లో కరెంటు ఎప్పుడు, ఎందుకు, ఎంత ఖర్చవుతుందన్నది అంశం. ఎవరి క్వార్టర్ అని అడిగాను. మాదే అంది. మీ బాపు ఒప్పుకున్నాడా అన్నాను.

"ఇంకా ఒప్పుకోలే. మీరు మాత్రం రాకున్రి మేడం. ఈసారి నేనే మాట్లాడుకుంట."

ఆ మాట గుచ్చుకుంది. అయినా సంతకం చేశాను.

తర్వాత సంగతులు ఆమె అప్పుడప్పుడూ ముక్కలు ముక్కలుగా చెప్పేది. మొదట్లో వాళ్ళ నాన్న టాంగ్ టెస్టర్ తీసి బీరువా మీద పెట్టేవాడట. ఈమె దించేది. ఆయన మళ్ళీ పెట్టేవాడు. నడుమ వాళ్ళమ్మ, ఆ బొమ్మతోని మీరిద్దరు ఆడుకొన్రి, నా వంటకు అడ్డం రాకున్రి అనేదట. ఎన్నికలు వచ్చాయి. ఆయన ఓడిపోయాడు. మా వల్లే ఓడాడని కొందరన్నారు, కాదని కొందరన్నారు. నాకు తెలియదు. ఓడాక సాయంత్రాలు ఇంట్లోనే ఉండటం మొదలయ్యాక, కూతురు రాసే అంకెల మీద గొడవ పెట్టుకునేవాడట. ఇంత ఉండదు, మళ్ళీ పెట్టు అనేవాడట. మళ్ళీ పెడితే మళ్ళీ అంతే వచ్చేది.

ఒకరోజు బస్టాండులో ఆయన కనబడ్డాడు. చుట్టూ చూసి దగ్గరికొచ్చాడు.

"పని లేనప్పుడు హీటర్ బంద్ పెడుతున్నం మేడం. షిఫ్టు దిగే యాళ్ళకే పెడుతున్నం. లైన్ల మాత్రం చెప్పకున్రి."

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా. ఇప్పుడూ పేరు చెప్పడం లేదు.

వైవా రోజు బయటి ఊరి నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. మంచి చదువరి, మర్యాదస్తుడు. ఆ అమ్మాయి పనంతా తిరగేసి, పద్ధతి బాగుందన్నాడు. తర్వాత కళ్ళజోడు సవరించుకుని, "కానీ ఒక్క ఇల్లేనా అమ్మా? ఒక్క ఇంటితో ఏం తేలుతుంది? చుట్టూ ఇన్ని క్వార్టర్లు ఉన్నాయి కదా" అన్నాడు.

"మిగిలిన ఇండ్లు భయపడ్డయి సార్" అంది. "ఈ ఇంటాయన గూడ భయపడ్డడు. భయపడుకుంటనే కొలవనిచ్చిండు."

ఆయనకు ఆసక్తి కలిగింది. "ఎలా ఒప్పించావు?"

ఆ పిల్ల రిపోర్టు మూసి చేతిలోకి తీసుకుంది.

"ఏం చెయ్యలే సార్. ఎవలెంత గట్టిగ అడిగినా, కొలుసుడు గలతని మాత్రం నేను అనలే."

గైడుగా నేను పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.